స్టేటస్ బార్‌లో భాష పేరు: ఎర్రగీతను ఎలా చదవాలి?

ఉపోద్ఘాతం

విమర్శ అనగానే కావ్యం, నవల, కథ, నాటకం గుర్తుకు వస్తాయి. ఈ పాఠంలో విమర్శకు తీసుకున్న వస్తువు అంత గంభీరంగా కనిపించదు. కంప్యూటర్‌లో వ్యాసం టైపు చేస్తున్నప్పుడు తెర అడుగున ఒక సన్నని పట్టీ ఉంటుంది. దానిని స్టేటస్ బార్ అంటాం. అందులో పేజీ సంఖ్య, పదాల సంఖ్య, వాటి పక్కనే ఒక భాష పేరు కనిపిస్తాయి. టైపు చేసిన మాటలను ఆ సమయంలో ఏ భాషా నియమాల ప్రకారం సరిచూస్తున్నారో ఆ పేరు చెబుతుంది. మాట కింద ఎర్రగీత పడిందంటే, ఆ భాష నిఘంటువు ఆ మాటను ఒప్పుకోలేదన్నమాట.

దూరవిద్యలో చదివే మీలో చాలామందికి వ్యాసాలు దిద్దే గురువు పక్కన ఉండడు. అసైన్‌మెంట్ టైపు చేసేటప్పుడు వెంటనే తప్పు చూపించేది ఈ ఎర్రగీతే. ఆ గీతకు మనం ఇచ్చే విలువ అది చేయగలిగిన పనికి తగినట్టుగా ఉందా? మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల తెలుగును ఉదాహరణగా తీసుకుని దీనిని పరిశీలిద్దాం.

తీర్పుకు ముందు తీర్పరి పేరు

మొదట ఇంగ్లీషు ఉదాహరణ చూడండి. మన బడుల్లో నేర్పేది బ్రిటిష్ స్పెల్లింగు. కలర్ అనే మాటను ‘ఓ’ తర్వాత ‘యు’ చేర్చి రాయమని చిన్నప్పటినుంచి చెప్పారు. స్టేటస్ బార్‌లో ‘ఇంగ్లీషు (యునైటెడ్ స్టేట్స్)’ అని ఉంటే అదే మాట కింద ఎర్రగీత పడుతుంది. ‘ఇంగ్లీషు (ఇండియా)’ అని మార్చగానే ఆ గీత పోతుంది. మాటలో ఏ మార్పూ రాలేదు, సరిచూసే నిఘంటువు మాత్రమే మారింది. అడుగున పేరు చూసే అలవాటు లేని విద్యార్థి తనకు స్పెల్లింగు రాదనుకుని, ఒప్పుగా ఉన్న మాటను చెరిపేస్తాడు.

అందుకే భాష పేరును తెరమీద చూపడం చిన్న సదుపాయంగా కొట్టిపారేయదగినది కాదు. తీర్పు చెప్పేవారెవరో చెప్పకుండా తీర్పు మాత్రం వినిపించే పద్ధతి కంటే ఇది ఎంతో నయం. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లోనూ, ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ రైటర్‌లోనూ ఈ పేరు కనిపిస్తుంది. రైటర్‌లో ఆ పేరు మీద నొక్కితే భాషను అక్కడే మార్చుకోవచ్చు. ఎంచుకున్న భాగంలో రెండు మూడు భాషలుంటే ఆ సంగతి కూడా అక్కడే తెలుస్తుంది. ఇంతవరకు మెచ్చుకోవలసిందే.

అయితే ఆ జాబితాను పైనుంచి కిందకు ఒకసారి చదవండి. ఇంగ్లీషుకు అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, ఇండియా అంటూ వేర్వేరు వరసలున్నాయి. పోర్చుగీసుకు పోర్చుగల్ ఒకటి, బ్రెజిల్ ఒకటి. తెలుగుకు మాత్రం ఒకటే వరస. విశాఖపట్నం తెలుగు, కరీంనగరం తెలుగు, కుప్పం తెలుగు ఆ ఒక్క పేరు కిందికే రావాలి. ఈ వరసలు దేశాలనుబట్టి ఏర్పడ్డాయి కాబట్టి తెలుగుకు ఒక్కటే ఉండడంలో ఆశ్చర్యం లేదు. కాని దేశం ఒక్కటైనంతమాత్రాన రాసే రూపం ఒక్కటే అవుతుందని ఎవరూ తేల్చలేదు. ఆ పట్టీలోని ‘తెలుగు’ అనే పేరు ఎవరి తెలుగో చెప్పడం లేదు. మన మొదటి అభ్యంతరం ఇదే.

ఎర్రగీత ఎలా పుడుతుంది?

లిబ్రెఆఫీస్ వాడే సరిచూసే యంత్రం పేరు హన్‌స్పెల్. హంగేరియన్ భాష కోసం లాస్లో నెమెత్ దీనిని తయారుచేశాడు. హంగేరియన్ కూడా తెలుగులాగే ప్రత్యయాలు వరసగా అతుక్కునే భాష. ప్రతి రూపాన్నీ జాబితాలో రాసుకుంటూ పోతే ఆ జాబితాకు అంతుండదు. అందుకని హన్‌స్పెల్ రెండు ఫైళ్లతో పనిచేస్తుంది. మొదటి ఫైలులో మాటలుంటాయి. ఒక్కో మాట పక్కన గీటు పెట్టి కొన్ని గుర్తులు రాస్తారు. రెండో ఫైలులో ఆ గుర్తులకు అర్థం ఉంటుంది: ఈ గుర్తున్న మాటకు ఫలానా ప్రత్యయం చేరవచ్చు, చేరినప్పుడు చివరి అక్షరం ఇలా మారుతుంది అని. మాటల పట్టిక నిఘంటువైతే, నియమాల ఫైలు ఒక చిన్న వ్యాకరణం. రెండింటినీ మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చదువుకోవచ్చు. విమర్శకుడికి ఇది మంచి అవకాశం. ఏ పండితుడి మనసులోని వ్యాకరణాన్నీ ఇంత సులువుగా విప్పి చూడలేం.

తెలుగులో ఈ పని ఎంత కష్టమో ‘చేయు’ అనే ఒక్క ధాతువు చాలు చెప్పడానికి. చేస్తాడు, చేశాడు, చేస్తే, చేసినా, చేయించాడు, చేయకపోతే, చేయకపోయినప్పటికీ, చేయించుకోలేకపోయాడు... ఇవన్నీ ఒక్కొక్క మాటగా రాస్తాం. నామవాచకాలూ అంతే: మదనపల్లెలో, మదనపల్లెకు, మదనపల్లెనుంచి, మదనపల్లెలోనే. రెండు మాటలు కలిసి సంధి జరిగితే పరిస్థితి మరీ చిక్కు. కాబట్టి ఏ తప్పూ లేని మంచి తెలుగు వాక్యంలో కూడా ఎర్రగీతలు పడుతుంటాయి. గీత పడిందంటే ‘ఈ రూపం నాకు దొరకలేదు’ అని మాత్రమే అర్థం. మనం దానిని ‘ఇది తప్పు’ అని చదువుకుంటున్నాం. ఈ రెండు వాక్యాల మధ్య తేడా మీరు పరీక్షలో రాయకపోయినా ఫరవాలేదు, టైపు చేసేటప్పుడు గుర్తుంటే చాలు.

రెండు విధాల రాతా ఒప్పే అయిన చోట కూడా గీత పడవచ్చు. పెళ్లి, పెళ్ళి, నీళ్లు, నీళ్ళు, చేశాడు, చేసాడు. పత్రికలవారు ఒకటి ఎంచుకుంటారు, పాఠ్యపుస్తకాలవారు మరొకటి. మదనపల్లె అని రాసేవారున్నారు, మదనపల్లి అని రాసేవారూ ఉన్నారు. అక్కడి మార్కెట్ పేరుమోసింది టమోటాతోనే. ఆ మాటను టమాటా, టమాట, టమోటా, టమాటో అని నాలుగు రకాలుగా చూస్తున్నాం. నిఘంటువులో ఒకటి ఎక్కితే మిగతా మూడూ దోషాలైపోతాయి. ఆ ఒక్కదాన్ని ఎందుకు ఎక్కించారో స్టేటస్ బార్ చెప్పదు.

కంటికి కనిపించని తేడాలు కూడా ఉన్నాయి. ‘బస్‌స్టాండ్’ అని విడిగా కనిపించడానికి పొల్లు సకారం తర్వాత వెడల్పు లేని ఒక గుర్తును టైపు చేయాలి. అది లేకపోతే అక్షరాలు కలిసిపోయి ‘బస్స్టాండ్’ అవుతుంది. నిఘంటువులో ఒక రూపం ఉండి మీరు రెండోది టైపు చేస్తే గీత పడవచ్చు.

మూడు ఊళ్ల తెలుగు

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. మదనపల్లె ప్రాంతం కడప జిల్లానుంచి వచ్చి చేరింది. పుంగనూరు, కుప్పం వైపు జమీందారీ ప్రాంతాలు ఉత్తర ఆర్కాటు జిల్లానుంచి వచ్చాయి. పుంగనూరుకు కన్నడ దేశం దగ్గర. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. ఒకవైపు తమిళనాడు, మరొకవైపు కర్ణాటక. ఇలాంటి చోట మాట్లాడే తెలుగుకు తన పదాలూ తన రూపాలూ ఉండడం సహజం. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు మాండలికాలను నాలుగు మండలాలుగా విభజించారు. ఈ ప్రాంతం అందులో దక్షిణ మండలానికి చెందుతుంది.

ఈ వాక్యం చూడండి.

‘మా నాయన పొద్దన్నే టమోటా ఎత్తుకోని మండీకి పోతా ఉండాడు. ఈడ రేటు జాస్తి ఉండాదంట.’

పాఠ్యపుస్తకాల తెలుగులో: ‘మా నాన్న ఉదయాన్నే టమాటాలు తీసుకుని మార్కెట్‌కు వెళ్తున్నాడు. ఇక్కడ ధర ఎక్కువగా ఉందట.’

మొదటి వాక్యాన్ని టైపు చేస్తే పొద్దన్నే, ఎత్తుకోని, ఉండాడు, ఉండాదంట అనే మాటల కింద గీతలు పడే అవకాశం ఎక్కువ. అవి నిఘంటువుకు అందని రూపాలు. వాటికి వ్యాకరణం లేదా? ‘ఉండాడు’ సంగతే చూద్దాం. నేను ఉండాను, నువ్వు ఉండావు, వాడు ఉండాడు, అది ఉండాది, వాళ్లు ఉండారు, అవి ఉండాయి. పురుషనుబట్టి, వచనాన్నిబట్టి, లింగాన్నిబట్టి ప్రత్యయం క్రమంగా మారుతోంది. ‘వెళ్తున్నాడు’ అనే శిష్టరూపాన్ని విప్పితే ‘వెళ్తూ ఉన్నాడు’. ‘పోతా ఉండాడు’ కూడా అదే కట్టడం. ఒకచోట ఉన్న, మరొకచోట ఉండ. మొదటిది కలిసిపోయింది, రెండోది విడిగా నిలిచింది. క్రమం తప్పని రూపాన్ని దోషమనడానికి వ్యాకరణంలో ఆధారం దొరకదు.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం విమర్శకు బలమిస్తుంది. హన్‌స్పెల్ నియమాల ఫైలులో ఈ ఆరు రూపాలను చేర్చడానికి ఆరేడు వరసలు చాలు. పని పెద్దది కాదు. అది జరగకపోతే యంత్రం చేతకానితనం అని సరిపెట్టుకోలేం. ఎవరూ చేర్చలేదు, అంతే.

పదాల విషయానికి వస్తే నష్టం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉర్లగడ్డ, గెనుసుగడ్డ ఈ ప్రాంతపు వంటింటి మాటలు. ఉల్లిపాయ, వెల్లుల్లి, బంగాళాదుంప, చిలగడదుంప అన్న మాటలు పుస్తకంలో నేర్చుకున్నవి. మడక, గెనిమ, కయ్య పొలం మాటలు. వీటిలో కొన్ని పాత నిఘంటువుల్లో ఉన్నాయి. సి.పి. బ్రౌన్ తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును 1852లో ప్రచురించినప్పుడు జనం నోట వినిపించే మాటలను కూడా అందులో చేర్చాడు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలకే కేటాయించింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన ఆ సంపుటంలో ఒకే పనిముట్టుకు ఏ ప్రాంతంలో ఏ పేరుందో చూపించారు. ఒకటి ఒప్పు, తక్కినవి తప్పు అనలేదు. ఏ మాట ఎక్కడిదో చెప్పారు. ఎర్రగీత మనకు ఇవ్వనిది సరిగ్గా ఆ సమాచారమే.

కథాసాహిత్యం దగ్గరికి వస్తే మరొక చిక్కు. తిరుపతి చుట్టుపట్ల పల్లె తెలుగులో రాసిన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు పుస్తకాల్లో ‘సినబ్బ కథలు’ ఒకటి. ఆ పేరులోని మొదటి మాటనే యంత్రం ‘చిన్నబ్బ’ అని దిద్దమంటే ఏమవుతుంది? దిద్దిన క్షణాన ఆ కథలు చెప్పే మనిషి మారిపోతాడు. పాత్ర ఎక్కడివాడో, ఎలాంటి ఇంట్లో పెరిగాడో, కోపం వస్తే ఎలా మాట్లాడతాడో ఆ ఉచ్చారణలోనే ఉంది. మాండలికంలో రాసిన రచనకు ఎర్రగీతలు ఎక్కువ పడతాయి కాబట్టి దానిలో దోషాలెక్కువ అనుకోవడం విమర్శ కాదు.

దీనికి ఎదురుగా ఇంకొక వాక్యం పెట్టండి: ‘రాత్రి నాకు ఒక కళ వచ్చింది.’ కల అనవలసిన చోట కళ అని పడింది. ఇది అసలైన తప్పు. అయినా కళ అనే మాట నిఘంటువులో ఉంది కాబట్టి గీత పడదు. మండీకి పోయే నాయన వాక్యంలో తప్పు లేదు, గీతలున్నాయి. ఈ వాక్యంలో తప్పు ఉంది, గీత లేదు. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన రాసుకుని అట్టేపెట్టుకోవడం మంచిది.

పాత వాదం

తెలుగువారికి ఇలాంటి తగవు కొత్తది కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. దాని ప్రకారం రాసిందే రాత, మిగిలినది గ్రామ్యం అనే భావన బడుల్లో, పరీక్షల్లో బలపడింది. గిడుగు రామమూర్తి దానిని ఎదిరించాడు. గ్రాంథికాన్ని సమర్థించే పండితులే తమ రచనల్లో దాని నియమాలు పాటించలేకపోతున్నారని ఉదాహరణలతో నిరూపించాడు. మద్రాసు విశ్వవిద్యాలయంలో తెలుగు వ్యాసరచన ఏ భాషలో ఉండాలన్న చర్చ వచ్చినప్పుడు గురజాడ అప్పారావు 1914లో తన అసమ్మతిని పత్రంగా రాసి ఇచ్చాడు.

ఆనాటి గ్రామ్యం అనే ముద్రకూ ఈనాటి ఎర్రగీతకూ పోలిక ఉంది. అయితే ముఖ్యమైన ఒక తేడాను విద్యార్థులు గమనించాలి. చిన్నయసూరి సూత్రం రాశాడు. సూత్రం కళ్లముందు ఉంది కాబట్టి దానితో వాదించడం గిడుగుకు సాధ్యమైంది. ఎర్రగీత సూత్రం చెప్పదు. ‘ఉండాడు’ ఎందుకు కూడదో చెప్పదు. కుడివైపు మీట నొక్కితే ప్రత్యామ్నాయాలు నాలుగు చూపిస్తుంది, కారణం ఒక్కటీ చూపించదు. ఇంకొక సంగతి. పండితుడు తప్పు పట్టినప్పుడు విద్యార్థికి కనీసం కోపం వచ్చేది. యంత్రం తప్పు పడితే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? మారు మాట్లాడకుండా చెరిపేయడమే సులువనిపిస్తుంది.

మరి మాండలికంలోనే పరీక్ష రాయవచ్చా అని మీరు అడగవచ్చు. సాధారణ వ్యాసానికి అన్ని ప్రాంతాల వారికీ పరిచయమైన ఆధునిక వ్యవహారం పనికివస్తుంది. దానిలో నిలకడ కోసం స్పెల్‌చెక్ వాడుకోవడంలో తప్పులేదు. సంభాషణ, కథ, జానపద సేకరణ, ఊరి పెద్దల మాటల నమోదు వంటి పనుల్లో మాత్రం విన్న మాటను విన్నట్టే రాయాలి. అక్కడ ఎర్రగీతకు లొంగిపోతే సేకరించిన సమాచారమే పాడవుతుంది. పుంగనూరు వైపు ఒక అవ్వ చెప్పిన కథను రాసుకొచ్చిన విద్యార్థి ‘ఈడ’ అన్న ప్రతిచోటా ‘ఇక్కడ’ అని దిద్దాడనుకోండి. తర్వాత మాండలికం మీద పని చేసే పరిశోధకుడికి ఆ రాతప్రతి ఎందుకూ కొరగాదు.

గీత పడకపోవడానికి కారణాలు

గీతల గురించి ఇంతసేపు మాట్లాడుకున్నాం. గీతలు అసలే లేని పేజీని చూసి సంతోషించడంలోనూ ప్రమాదముంది. ఏ భాషకైతే నిఘంటువు కంప్యూటర్‌లో లేదో ఆ భాషలో ఎన్ని తప్పులు రాసినా ఒక్క గీతా పడదు. రైటర్ స్టేటస్ బార్‌లో ‘తెలుగు’ అనే పేరు మాత్రం యథాప్రకారం కనిపిస్తుంది. నిఘంటువు ఉన్న భాషలకు భాషల ఎంపిక జాబితాలో ఒక చిన్న గుర్తు ఉంటుంది. ఆ గుర్తు స్టేటస్ బార్‌లో ఉండదు. దాంతో ‘సరిచూశాను, తప్పులు లేవు’ అన్నదీ ‘సరిచూడనేలేదు’ అన్నదీ తెరమీద ఒకేలా ఉంటాయి. ఈ ఏర్పాటులోని పెద్ద లోపం ఇదేనని నా అభిప్రాయం. వర్డ్‌లో నిఘంటువు లేకపోతే పైన పసుపు పట్టీ ఒకటి వచ్చి ఆ మాట చెబుతుంది. అది కంటికి కొంచెం అడ్డంగా ఉన్నా నిజాయితీగా ఉంది.

పాత ఫాంట్ల వ్యవహారం దీనికి పూర్తిగా తలకిందులు. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో తెలుగు కూర్చడం చాలా ఏళ్లు సాగింది, ఇంకా సాగుతోంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లో వచ్చిన మొదటి రూపంనుంచే సొంత స్థానాలున్నాయి. అను ఫాంట్లలో మాత్రం ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల బొమ్మలు కూర్చుంటాయి. మనిషి కంటికి అది తెలుగు. కంప్యూటర్‌కు అది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు. స్టేటస్ బార్ నిబ్బరంగా ‘ఇంగ్లీషు’ అంటుంది, పెళ్లిపత్రికంతా ఎర్రగా మారుతుంది. ఆపరేటర్ విసిగి స్పెల్‌చెక్ మొత్తం ఆపేస్తాడు. అతడిని తప్పుపట్టలేం. కాని ఆ తర్వాత అదే కంప్యూటర్‌లో యూనికోడ్‌లో టైపు చేసుకునే విద్యార్థికి ఒక్క గీతా పడదు. తన వ్యాసం నిర్దోషమనుకుని ఇంటికి వెళ్తాడు.

కుప్పంలో ఒక కరపత్రం

కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో ఏర్పడింది. ద్రావిడ భాషలను కలిపి అధ్యయనం చేయడానికి ఆ ఊరిని ఎంచుకోవడంలో ఔచిత్యం ఉంది. అక్కడ ఒక కరపత్రంలో తెలుగు, తమిళం, కన్నడం, ఇంగ్లీషు నాలుగూ ఉంటే వింతేమీ కాదు. దానిని రైటర్‌లో టైపు చేయాలనుకోండి. రైటర్ ప్రపంచ భాషలను మూడు పెట్టెల్లో వేసింది: పాశ్చాత్య భాషలు, చైనా-జపాన్-కొరియా భాషలు, ‘సంక్లిష్ట’ లిపుల భాషలు. ఒక్కో పెట్టెకు పత్రంలో ముందుగా అనుకునే భాష ఒకటే. ఇంగ్లీషుకు మొదటి పెట్టె దొరుకుతుంది. తెలుగు, తమిళం, కన్నడం మూడూ మూడో పెట్టెలోనే. ఆ పెట్టెకు తెలుగును నిర్ణయిస్తే, మరోచోటినుంచి తెచ్చి అతికించిన తమిళ వాక్యాన్ని కూడా తెలుగుగా లెక్కించే వీలుంది. లిపి వేరని అక్షరాలు చూస్తేనే తెలుస్తోంది. అయినా మనం ప్రతి భాగాన్నీ ఎంచుకుని, అడుగున పేరు మీద నొక్కి, ఇది తమిళం, ఇది కన్నడం అని చెప్పాలి. మూడు భాషలు ఒకే నోట పలికే ఊరు ఉంటుందని ఆ పెట్టెలు చేసినవారు ఊహించలేదు కాబోలు.

మీరే చేసి చూడండి

1. మీ ప్రాంతపు మాటల్లో పది వాక్యాలు టైపు చేయండి. స్టేటస్ బార్‌లో భాష పేరు తెలుగేనా, ఆ భాషకు నిఘంటువు ఉందా అని ముందు చూడండి. తర్వాత గీత పడిన మాటలను మూడు వరసలుగా విడదీయండి: నిజమైన అక్షరదోషాలు, మాండలిక రూపాలు, నిఘంటువుకు అందని శిష్టరూపాలు.

2. మాండలిక రూపాల్లో ఒకదానికి, పైన ‘ఉండాడు’కు రాసినట్టు, అన్ని పురుషల్లోనూ రూపాలు రాయండి. క్రమం కనిపిస్తోందా?

3. పది వాక్యాల్లో సంభాషణ భాగాన్ని మాత్రం ఎంచుకుని, భాష పేరు మీద నొక్కి, తనిఖీ వద్దనే ఎంపికను పెట్టండి. ఇప్పుడు ఆ భాగంలో కావాలనే ఒక అక్షరదోషం చేయండి. ఈ పద్ధతిలో లాభమేమిటి, పోగొట్టుకున్నదేమిటి?

4. ‘నిఘంటువులో చేర్చు’ అనే ఎంపికతో ‘గెనిమ’ అనే మాటను చేర్చండి. అదే ఫైలును ఇంకొక కంప్యూటర్‌లో తెరవండి. గీత మళ్లీ పడితే, ఆ మాట ఎవరి నిఘంటువులో చేరినట్టు?